ఒక్క లైను మార్చడానికి 67 రోజులు: మరియాడీబీలో నా మొదటి ప్యాచ్

నేను మొదలుపెట్టిన పని వేరు, పూర్తయిన పని వేరు. అది ముందే చెప్పేస్తున్నాను.

2025 ఆగస్ట్ 8న వరలక్ష్మీ వ్రతానికి తెనాలి వెళ్లాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే నాన్న తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. రిటైరైనప్పటినుంచి ఆయన మా వీధి చివర గ్రంథాలయంలో పుస్తకాల జాబితా తయారుచేస్తున్నారు. మూడువేల ఎనిమిది వందల పైచిలుకు పుస్తకాలు. రెండేళ్ల కిందట నేనే మరియాడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక టేబుల్ చేసిచ్చి, కావలసిన నాలుగు క్వెరీలు (సమాచారం అడిగే ఆదేశాలు) కాగితం మీద రాసిచ్చాను. మౌస్ అంటే ఆయనకి చిరాకు. అందుకని నల్ల తెర మీద, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్ క్లయింట్‌లోనే అన్నీ చేసుకుంటారు. జవాబులు గీతలు గీసిన పట్టికలా వస్తాయి.

"ఇంగ్లీషు పుస్తకాలకి గీతలు తిన్నగానే వస్తున్నాయమ్మా. తెలుగు పుస్తకాల దగ్గరే వంకరపోతున్నాయి. నేనేమైనా తప్పు కొడుతున్నానా?" అని అడిగారు.

పదకొండేళ్లుగా డీబీఏ ఉద్యోగం, అంటే డేటాబేస్‌ల నిర్వహణ, చేస్తున్నాను. ఆ వంకర గీతలు ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో. "తెలుగుకి అంతే నాన్నా" అని అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చినందుకు చాలా సిగ్గేసింది. తప్పు మీది కాదు, చూస్తానని చెప్పాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లోనే సోర్స్ కోడ్ తిరగేశాను. మరియాడీబీ కోడంతా గిట్‌హబ్‌లో ఎవరైనా చూసుకునేలా ఉంటుంది. రెండు గంటలు పట్టింది గానీ దొరికింది. క్లయింట్ ప్రతి మాటకీ తెర మీద ఎన్ని గడులు పడతాయో లెక్కగట్టి, మిగిలినచోట ఖాళీలు నింపి, చివర నిలువు గీత పెడుతుంది. ఆ లెక్కకి వాడే పట్టిక తూర్పు ఆసియా లిపులను దృష్టిలో పెట్టుకుని చేసింది. చైనీస్ అక్షరానికి రెండు గడులు, మామూలు అక్షరానికి ఒకటి. మనం 'సీత' అని రాస్తే యూనికోడ్‌లో అవి మూడు: స, గుడిదీర్ఘం, త. క్లయింట్ మూడు గడులు అనుకుంటుంది. తెర మీద గుడిదీర్ఘం 'స' నెత్తినే కూర్చుంటుంది కాబట్టి పట్టేవి రెండే. ఒక ఖాళీ తక్కువ పడి గీత లోపలికి జరుగుతుంది. పేరులో గుడులు, ఏత్వాలు, పొల్లులు ఎన్నుంటే గీత అంత లోపలికి.

కారణం తెలిసిపోయిందిగా, సరిచేయడం ఎంతసేపు అనుకున్నాను. కానీ సరిచేసింది పనిచేస్తుందో లేదో చూడాలంటే ముందు మరియాడీబీ సర్వర్‌ని మన యంత్రం మీద మనమే కంపైల్ చేసుకోవాలి, అంటే సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవాలి. ఇన్నేళ్లుగా సర్వర్‌ని ఇన్‌స్టాల్ చేశాను, నడిపాను, పడిపోతే లేపాను. కంపైల్ మాత్రం ఎప్పుడూ చేయలేదు.

కోడ్ దించుకోవడంలోనే మొదటి దెబ్బ. తెనాలిలో ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లోన్ (కోడ్ మొత్తానికి నకలు దించడం) మొదలుపెట్టాను. రోజుకి 2 జీబీ ప్యాక్, పగలు అప్పటికే సగం వాడేశాం. మధ్యలో డేటా అయిపోయింది. గిట్ క్లోన్ ఆగిపోతే ఆగినచోటునుంచి కొనసాగదు, మళ్లీ మొదటికే. చరిత్ర లేకుండా పైపైన తెచ్చుకునే పద్ధతి ఒకటుంది, డేటా తక్కువున్నవాళ్లు అదే వాడండి. నాకు మాత్రం ఏ లైను ఎవరు, ఎందుకు రాశారో చూడాలని ఉంది. హైదరాబాద్ వచ్చాక మియాపూర్ ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద మొత్తం దించాను. చరిత్రలో వెనక్కి వెళ్తూ ఉంటే 2000వ సంవత్సరం నాటి కమిట్లు (నమోదైన మార్పులు) తగిలాయి. మరియాడీబీ వేరుపడింది 2009లో. అంతకుముందువన్నీ దాని మాతృక మైఎస్‌క్యూఎల్ రోజులవి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఎవరో రాసిన లైన్లు ఇవాళ నాన్న ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నాయి. ఆ రాత్రి దాని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను.

ఆగస్ట్ 15, సెలవు. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నాను. నాది ఫెడోరా 42 లినక్స్, 8 జీబీ ర్యామ్. కంపైల్‌కి ఏర్పాట్లు చేసే సీమేక్ మొదలుపెట్టగానే బైసన్ అనే సాధనం లేదంది, పెట్టాను. ఎన్‌కర్సెస్ లేదంది, పెట్టాను. జీఎన్‌యూటీఎల్ఎస్ హెడర్లు లేవంది. ఇలా ఒక్కొక్కటీ గంటసేపు ఏరుకున్నాక తెలిసింది: ఒక ప్యాకేజీ కంపైల్ చేయడానికి కావలసినవన్నీ ఒకే కమాండ్‌తో తెచ్చుకునే వీలు ఫెడోరాలోనూ ఉంది, డెబియన్‌లోనూ ఉంది. ముందు అది చేయండి, ఆ గంట మిగులుతుంది.

తర్వాత ఒకేసారి ఎనిమిది పనులు నడిచేలా బిల్డ్ (మొత్తం కోడ్ కంపైల్) పెట్టి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తెర కొయ్యబారి ఉంది. మౌస్ కదలదు, ఫ్యాన్ మాత్రం హోరెత్తిపోతోంది. పవర్ బటన్ నొక్కి ఆపాల్సొచ్చింది. పెద్ద సి++ ఫైళ్లు ఒక్కోటి కంపైలవడానికి బోలెడు మెమరీ తీసుకుంటాయి. ఎనిమిది కలిస్తే 8 జీబీ ఎక్కడ చాలుతుంది! మర్నాడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల దుకాణాలుండే సీటీసీకి వెళ్లి 1,950 రూపాయలు పెట్టి ఇంకో 8 జీబీ వేయించుకొచ్చాను. నాకైన పెద్ద ఖర్చు అదొక్కటే. అయినా డబ్బు పెట్టేముందు చేయాల్సిన పని ఇంకోటుంది. రాక్స్‌డీబీ, కాలమ్‌స్టోర్, మ్రూంగా, స్పైడర్ ప్లగిన్లు నాకు అవసరం లేదు. వద్దని సీమేక్‌కి చెబితే వాటిని వదిలేస్తుంది. అవి తీసేసి, ఒకేసారి నాలుగు పనులకి తగ్గిస్తే గంటా నలభై నిమిషాల్లో అయిపోయింది. కంపైల్ ఫలితాలను దాచి మళ్లీ వాడే సీక్యాష్ పెట్టుకున్నాక రెండోసారి నుంచి ఏడు నిమిషాలే.

17వ తేదీ ఆదివారం సాయంత్రం నేను కంపైల్ చేసిన సర్వర్ లేచింది. వెర్షన్ అడిగాను, జవాబిచ్చింది. ఏళ్ల తరబడి చేస్తున్న పనే, అయినా కళ్లు చెమర్చాయి. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయనది బ్యాంకు ఉద్యోగం, తెర మీద ఏముందో అర్థం కాలేదు, నా ముఖం చూసి మాత్రం "సాధించావన్నమాట" అన్నారు.

అసలు మలుపు అప్పుడొచ్చింది. మార్పు చేసేవాళ్లు డీబగ్ బిల్డ్‌లో పరీక్షించాలి. కోడ్ తనని తాను తనిఖీ చేసుకునే పంక్తులు చాలావరకు అందులోనే పనిచేస్తాయి. డీబగ్ బిల్డ్ పెట్టాను. పావుగంటకి ఒక పాత సి ఫైలు దగ్గర ఆగిపోయింది. మామూలు బిల్డ్‌లో ఇబ్బంది లేకుండా దాటిపోయిన ఫైలే! రెండు రాత్రులు నా సెటప్‌లోనే ఏదో తేడా ఉందనుకుని అన్నీ మళ్లీ మళ్లీ చేశాను. తేడా నాది కాదు. మరియాడీబీలో మామూలు బిల్డ్‌లో వార్నింగ్ వార్నింగ్‌గానే ఉంటుంది, డీబగ్ బిల్డ్‌లో మాత్రం వార్నింగ్ వస్తే ఎర్రర్ కిందే లెక్క. ఫెడోరా 42తో వచ్చిన కంపైలర్, జీసీసీ 15లో కొత్త వార్నింగ్ ఒకటి చేరింది. ఆ ఫైల్లో 16 స్థానాల వరస (అర్రే) ఒకటుంది, అందులో సున్నా నుంచి ఎఫ్ దాకా హెక్సా అంకెలు పదహారూ ఒకే స్ట్రింగ్‌గా రాసి ఉన్నాయి. స్ట్రింగ్ (అక్షరాల మాల) అయిపోయిందని చెప్పడానికి చివర వచ్చే సున్నా బైటుకి చోటు లేదు. సి భాషలో అది తప్పు కాదు, రాసినాయన కావాలనే అలా రాశారు. కొత్త కంపైలర్ మాత్రం ఇది పొరపాటేమో చూడమంటోంది.

గీతల పని పక్కన పెట్టి ముందు దీన్ని చూద్దామనుకున్నాను. కొత్త కంపైలర్ ఉన్న ప్రతివాళ్లకీ డీబగ్ బిల్డ్ ఇక్కడే ఆగిపోతుంది కదా. నాలాగే మొదటిసారి వచ్చినవాళ్లు తప్పు తమదే అనుకుని వెనక్కి వెళ్లిపోతారు. బగ్ ట్రాకర్‌లో వెతికాను, ఈ ఫైలు మీద ఎవరూ రాయలేదు. ఖాతా తెరిచి, కంపైలర్ వెర్షన్, సీమేక్‌కి ఇచ్చిన ఆప్షన్లు, వచ్చిన సందేశం మొత్తం పెట్టి నివేదించాను. ఎండెవ్ అని మొదలయ్యే నంబరొకటి వచ్చింది. కమిట్ సందేశం మొదటి వరస ఆ నంబర్‌తోనే మొదలుపెట్టాలి.

నా మార్పు: 16ని 17 చేశాను. సున్నాకి చోటొచ్చింది, వార్నింగ్ పోయింది. తర్వాత పరీక్షలు. ఎమ్‌టీఆర్ అనే టెస్ట్ రన్నర్ సర్వర్‌ని లేపి, క్వెరీలు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని ముందే దాచిన ఫైలుతో వరసవరసా పోల్చుతుంది. మన ఐదున్నర గంటల టైమ్ జోన్‌తో తేదీల పరీక్షలు తప్పుతాయేమోనని భయపడ్డాను. ఆ భయం అక్కర్లేదు, పరీక్షలకి అది తన టైమ్ జోన్ తానే పెట్టుకుంటుంది. పరీక్షల ఫైళ్లను ర్యామ్‌లోనే ఉంచమని చెబితే చాలా త్వరగా అయిపోతుంది. నా యంత్రం మీద ముఖ్యమైన పరీక్షల సూట్‌కి 50 నిమిషాలు పట్టింది, అన్నీ పాస్.

ఆగస్ట్ 24, ఆదివారం రాత్రి పదకొండుకి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పుని కలుపుకోమనే అభ్యర్థన, పంపాను. చేతులు వణికాయి. ప్రపంచమంతా చూసేచోట నా పేరుతో ఒక మార్పు!

ఐదు నిమిషాల్లో లైసెన్స్ ప్రశ్న వచ్చింది. ఈ కోడ్‌ని కొత్త బీఎస్‌డీ లైసెన్స్ కింద ఇస్తున్నారా, లేక కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం చేస్తారా అని. బీఎస్‌డీ ఎంచుకోబోతూ మా ఆఫర్ లెటర్ గుర్తొచ్చింది. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ గురించి అందులో ఒక నిబంధన ఉంది. ఇది సొంత ల్యాప్‌టాప్ మీద, సెలవు రోజుల్లో చేసిందే. అయినా అనుమానం పెట్టుకుని ముందుకెళ్లడం నాకిష్టం లేదు. మేనేజర్‌కి రాశాను, ఆయన లీగల్ వాళ్లకి పంపారు, అనుమతి సెప్టెంబర్ 4న వచ్చింది. 11 రోజులు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఈ మెయిల్ మొదటిరోజే పంపేయండి. కోడ్ రాసేలోపు జవాబొచ్చేస్తుంది.

ఈలోపు బిల్డ్‌బాట్ నడిచింది. మనం పంపిన మార్పుని అది రకరకాల లినక్స్‌ల మీద, విండోస్ మీద, ఆర్మ్, పవర్ యంత్రాల మీద, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద కూడా కంపైల్ చేసి పరీక్షిస్తుంది. 1,950 రూపాయల ర్యామ్‌తో నడుస్తున్న నా కోడ్ మెయిన్‌ఫ్రేమ్ మీద పాసైందని చూడగానే ఛాతీ ఉప్పొంగింది. వాటి మధ్య ఒక ఎర్ర గుర్తు. ఏదో పరీక్ష ఫెయిల్. ఆ రాత్రి నిద్ర లేదు. నా మార్పుకీ ఆ పరీక్షకీ ఏ సంబంధమూ కనిపించలేదు. మళ్లీ నడిపితే పాస్. అప్పుడప్పుడు తప్పే పరీక్షలు ఉంటాయని అప్పుడు తెలిసింది. ఆ పరీక్ష పేరు మాత్రం రాసి పెట్టుకున్నాను.

తర్వాత నిశ్శబ్దం. రోజూ పొద్దున లేవగానే ఫోన్ చూడటం, ఏమీ లేకపోవడం. నా మార్పు అంత పనికిమాలినదా అనిపించేది. సెప్టెంబర్ 10న ధైర్యం చేసి, వీలున్నప్పుడు చూడగలరా అని ఒక్క వాక్యం రాశాను. 12న, అంటే పంపిన 19వ రోజున, జవాబొచ్చింది. నాలుగు వ్యాఖ్యలు.

మొదటిది: ఇది మెయిన్ బ్రాంచ్ మీద ఉంది (ఒక్కో వెర్షన్ కోడ్‌కి ఒక్కో బ్రాంచ్, అంటే శాఖ, ఉంటుంది). బగ్ ఫిక్స్ ఎప్పుడూ అది కనబడే పాత బ్రాంచ్‌లలో, ఇంకా నిర్వహణలో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతదాని మీద పెట్టాలి. అక్కణ్నుంచి పై బ్రాంచ్‌లకి వాళ్లే మెర్జ్ చేసుకుంటూ (కలుపుకుంటూ) వెళ్తారు. దీనికి 10.11 సరిపోతుంది.

రెండోది చదవగానే ముఖం వేడెక్కింది. నా కమిట్‌లో ఒక సబ్‌మాడ్యూల్ (లోపల చేర్చుకున్న వేరే కోడ్ భాండారం) కూడా మారింది, అది కావాలని చేసిందేనా అని అడిగారు. కావాలని కాదు. మార్పులన్నీ ఒకేసారి కలిపేసే కమాండ్ కొట్టాను, దాంతోపాటు క్లయింట్ లైబ్రరీ సబ్‌మాడ్యూల్ వేరే వెర్షన్‌కి జరిగింది, నేను చూసుకోలేదు. మరియాడీబీలో సబ్‌మాడ్యూళ్లు చాలా ఉన్నాయి, బ్రాంచ్ మారినప్పుడల్లా అవీ మారుతుంటాయి. కమిట్‌కి ముందు ఏయే ఫైళ్లు వెళ్తున్నాయో ఒక్కసారి కళ్లారా చూసుకోండి.

మూడోదాని నుంచే నేను ఎక్కువ నేర్చుకున్నాను. "17 చేశారు సరే, ఈ వరస సైజు వేరేచోట ఎవరైనా వాడుతున్నారేమో చూశారా?" అని అడిగారు. వెతికాను. అదే ఫైల్లో ఇరవై లైన్ల కింద ఒక లూప్ ఆ వరస సైజుని అడిగి అన్నిసార్లు తిరుగుతోంది. నా మార్పుతో అది పదిహేడోసారి కూడా తిరిగి, చివరి సున్నాని కూడా ఒక అంకెలా చూస్తుంది. పరీక్షలన్నీ పాసయ్యాయి ఎందుకంటే ఆ దారిని తాకే పరీక్షే లేదు. వార్నింగ్ నోరు మూయించబోయి, లేని బగ్‌ని పెట్టబోయాను! ఎక్కడో ఇంకో ఖండంలో కూర్చున్న ఒక మనిషి, నేనెవరో తెలియకుండానే, నా ఒక్క లైను కోసం ఆ ఫైలంతా చదివారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది.

నాలుగోది అలవాటుకి సంబంధించింది. ఇక్కడి పాత కోడ్‌లో సమానం గుర్తుకి ముందు ఖాళీ ఉండదు, తర్వాతే ఉంటుంది. చుట్టూ ఉన్న కోడ్ ఎలా ఉంటే మనదీ అలా ఉండాలి.

సెప్టెంబర్ 14న రెండో రూపం పంపాను. సైజు 16గానే ఉంచి, స్ట్రింగ్ బదులు పదహారు అక్షరాలను విడివిడిగా రాశాను. స్ట్రింగ్ లేదు కాబట్టి చివరి సున్నా ప్రశ్న లేదు, లూప్ కూడా ఎప్పటిలాగే పదహారుసార్లు తిరుగుతుంది. నా మార్పుని 10.11 మీదకి రీబేస్ చేయడానికి, అంటే అక్కడికి మార్చడానికి, ఒక పూట పోయింది. ఒకే ఫోల్డర్‌లో బ్రాంచ్‌లు మారిస్తే పాత బిల్డ్ తాలూకు ఫైళ్లు కలిసిపోయి అర్థంకాని ఎర్రర్లు వస్తాయి. ఇప్పుడు బ్రాంచ్‌కొక ఫోల్డర్ పెట్టుకున్నాను, గిట్ వర్క్‌ట్రీతో అది తేలిక, మళ్లీ క్లోన్ అక్కర్లేదు. కమిట్లన్నీ ఒక్కటిగా కలిపి మళ్లీ పంపాను.

మళ్లీ ఎదురుచూపు. ఈసారి బెంగ లేదు. మా అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ ఆడాం, దసరాకి తెనాలి వెళ్లాను. నాన్న "గీతలేమయ్యాయి" అని అడగలేదు, "నీ పని ఎక్కడిదాకా వచ్చిందమ్మా" అని అడిగారు. అక్టోబర్ 7న ఆమోదం, 15న మెర్జ్. నాన్న ఆ ప్రశ్న అడిగిన రోజునుంచి లెక్కపెడితే 67 రోజులు. లాగ్‌లో నా కమిట్ పక్కన ఆగస్ట్ 24 అని ఉండటం చూసి ఏదో తేడా వచ్చిందేమోనని కంగారుపడ్డాను. రచయిత మొదట రాసిన తేదీని గిట్ అలాగే ఉంచుతుంది, ఎన్నిసార్లు రీబేస్ చేసినా. ఇంకో నెలకి అదే కమిట్ పై బ్రాంచ్‌లలోకీ చేరింది.

ఆ ఊపులోనే రాసిపెట్టుకున్న పరీక్ష తీశాను. దాన్ని నా యంత్రం మీద వందలసార్లు వరసగా నడిపితే మూడుసార్లు తప్పింది. కారణం చిన్నది: క్వెరీలో ఆర్డర్ బై (ఫలితాన్ని క్రమంలో పెట్టమనే మాట) లేదు, కాబట్టి వరసలు ఏ క్రమంలో రావాలన్న హామీ లేదు. చాలాసార్లు ఒకేలా వస్తాయి, ఒక్కోసారి మారతాయి. ఆర్డర్ బై చేర్చబోయి ఆగాను. మూడో వ్యాఖ్య గుర్తొచ్చింది. ఆర్డర్ బై పెడితే, క్వెరీని ఎలా నడపాలో ఎంచుకునే ఆప్టిమైజర్ వేరే దారి పట్టవచ్చు, అప్పుడు ఆ పరీక్ష దేన్ని పరీక్షించడానికి పుట్టిందో అదే జరగదు. ఫలితం వచ్చాక పోల్చేముందు మాత్రమే వరసలను సర్దే ఆదేశం ఎమ్‌టీఆర్‌లో ఉంది. అది పెట్టి, ఫలితాల ఫైలు మళ్లీ రికార్డ్ చేసి, ఎందుకలా చేశానో కమిట్ సందేశంలో రాశాను. అక్టోబర్ 18న పంపితే నవంబర్ 6న మెర్జ్ అయింది, ఒక్క వ్యాఖ్య కూడా లేకుండా.

ఇక గీతల సంగతి. అది నేననుకున్నంత చిన్న పని కాదు. యూనికోడ్‌లో మన గుడికి వెడల్పు లేదు, కొమ్ముకి ఉంది. వత్తుల్ని ఒక్కో టెర్మినల్ (నల్ల తెర ప్రోగ్రామ్) ఒక్కోలా చూపిస్తుంది. క్లయింట్ లెక్క సరైనా తెర సరిగ్గా చూపకపోతే గీత ఇంకోవైపు వంకరపోతుంది. కనీసం వెడల్పు లేని గుర్తులను సున్నాగా లెక్కపెడితే చాలావరకు తిన్నబడుతుందని నా నమ్మకం. ఆ పట్టిక తెలుగు ఒక్కదానిది కాదు, మిగతా లిపులకీ అదే. కాబట్టి ముందు పరీక్షలు రాసి, తర్వాతే కోడ్ ముట్టుకోవాలి. అంతవరకు నాన్నకి ఫలితాన్ని అడ్డంగా కాక నిలువుగా చూపించే ఆదేశం నేర్పాను. ఒక్కో పుస్తకం వివరాలు ఒకదానికింద ఒకటి వస్తాయి, గీతల గొడవ ఉండదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన ఒక నోట్‌బుక్ చేతిలో పెట్టారు. పరీక్షలకి మాటలు కావాలన్నానని, గుణింతాలన్నీ, వత్తులన్నీ, సున్నా, విసర్గ వచ్చేలా రెండు పేజీల మాటలు వరసగా రాశారు. ప్రతి మాట పక్కన తెర మీద ఎన్ని గడులు పట్టిందో గళ్ల కాగితం మీద లెక్కపెట్టి వేశారు. మొదటి మాట సీత, రెండు గడులు. నలభై మూడు మాటలు ఇప్పటిదాకా టెస్ట్ ఫైల్‌లోకి ఎక్కించాను. ఇంకో పేజీ ఉంది.